నాన్నకు రాత్రి జొన్నరొట్టె పడాల్సిందే. 8 రోజులకు ఎటు తీసుకెళ్లాలి?

నిజాంపేట కుర్రాడు:
అందరికీ నమస్తే. మా నాన్నకు 66 ఏళ్లు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. సొంతూరు అచ్చంపేట వైపు. సర్వీసంతా స్తంభాలెక్కడమే సరిపోయింది, ఊళ్లు చూసింది లేదు. అమ్మ పోయాక ఇంట్లోంచి కదలడం మానేశారు. ఇలా కాదని పోయిన ఏడాది ఒక టూర్ ప్యాకేజీలో ఢిల్లీ, ఆగ్రా, హరిద్వార్ తిప్పుకొచ్చాను. నిజానికి తిప్పాననడం అబద్ధం.

ఆయనకు 12 ఏళ్ల నుంచి షుగర్. రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఒక కూర, కాస్త మజ్జిగ. అంతే. ప్యాకేజీ వాళ్లు ఏ పూట చూసినా పనీరు, నాన్, జీరా రైసు. "పుల్కా అయినా పెట్టండి" అంటే మెనూలో లేదన్నారు. మూడో రోజు మిషన్‌లో 290 చూపించింది. ఆగ్రాలో అందరూ తాజ్‌మహల్ చూడ్డానికి దిగితే ఈయన బస్సులోనే కూర్చున్నారు. ఎంత బతిమాలినా దిగలేదు. "ఆ రాయిని క్యాలెండర్లో చూసిందే గదరా. రొట్టె దొరికే ఊరేదన్నా ఉంటే చెప్పు, వస్తా" అన్నారు.

డిసెంబర్ ఆఖరులో 8 రోజులు సెలవు దొరికింది. సరదాకు అడగడం లేదు. చూడ్డానికి మంచి ఊళ్లు ఉండాలి, రాత్రికి రొట్టె దొరకాలి. ఎటు వెళ్లాలి?

కొండాపూర్ రైడర్:
బ్రో, 8 రోజులుంటే మున్నార్, అలెప్పీ కొట్టేయండి. రొట్టెలు ఇంటి నుంచే చేయించి డబ్బాలో పెట్టుకోండి. రొట్టె కోసం ట్రిప్ ప్లాన్ చేయడం నేను ఇదే మొదటిసారి వినడం 😀

సాయంత్రం రొట్టె:
డబ్బాల పెట్టిన రొట్టె రెండో రోజుకు ఎట్లుంటదో ఈ తమ్మునికి తెల్వదు.

నిజాంపేట తమ్మీ, నాది మల్కాజిగిరిల రొట్టెల బండి. 14 ఏండ్ల సంది ఆరింటికి పొయ్యి ముట్టిస్త, పదింటికి ఆర్పేస్త. నేను నోటితోని చెప్తున్న, ఫోన్ రాస్తున్నది, తప్పులు మా చిన్నబిడ్డ దిద్దుతున్నది. మీ నాయన మాట చదివి బండి కాడనే నవ్విన. నా దగ్గరికి గూడ అసొంటోళ్లు రోజుకు నలుగురొస్తరు. పెండ్లికి పోయి బిర్యానీ ముట్టకుండ వచ్చి, నా కాడ నిలబడి తినిపోతరు.

ఎటు పోవాల్నో చెప్త. పడమటికి పో. ముంబై రోడ్డు పట్టుకొని సంగారెడ్డి, జహీరాబాద్ దాటినవంటే ఇగ ఆ దిక్కంత జొన్నదే రాజ్యం. ఆడ రొట్టె ఉందా అని అడిగే పని లేదు. అన్నం కావాలంటేనే అడగాలె.

మా అవ్వగారి ఊరు నారాయణఖేడ్ దగ్గర. చిన్నప్పుడు మాకు బీదర్ దగ్గర, హైదరాబాదే దూరం. అయినా బీదర్ అవతల ఏముందో ఎన్నడు చూడలే. రెండేండ్ల కింద పెద్దబిడ్డ పెండ్లి చేసినంక బండి తొమ్మిది రోజులు బంద్ పెట్టి, నేనూ మా ఆయనా పోయినం. బీదర్, కలబురగి, విజయపుర, బాదామి. కలబురగి అంటే గుల్బర్గానే, విజయపుర అంటే బీజాపూరే. 2014ల పేర్లు మార్చిండ్రు, మన ముసలోళ్లు ఇంక పాత పేర్లే అంటరు. బస్సు బోర్డులు కన్నడంల ఉంటయని భయపడకు. అక్షరాలు మనయే అన్నట్టు ఉంటయి, క, త, శ కాడ జెర తికమక పడ్తం గంతే. మా ఆయన ఏడో తరగతి చదివిండు, ఆయనే చదివి బస్సెక్కించిండు.

నేను ఊర్లు చూసింది తక్కువ, రొట్టెలు చూసింది ఎక్కువ. జహీరాబాద్ల రొట్టె మన లెక్కనే, మందంగ, మెత్తగ. బీదర్ల జెర పలుచబడ్డది. కలబురగిల పళ్లెం మీదికెళ్లి బయటికొచ్చేంత పెద్దగ చేసిండ్రు. దాని మీదికి కందిపప్పు. ఆడ కంది చేన్లు చూడాలె తమ్మీ, బస్సుల కూసుంటే గంటసేపు అదే పంట. కలబురగిల ఒక్క పూట చాలు మల్ల, దుమ్ము. మేం దిగిన లాడ్జిల చెప్పిన కిరాయి ఒకటి, పొద్దున అడిగింది ఒకటి, ఆ మంటల ఊరే బాగ చూడలే.

ఆడికెళ్లి విజయపురకు పొయ్యే తొవ్వల భీమ నది దాటుతవు. దాటినంక నేలంత నల్లరేగడి. ఆడ పండేది యాసంగి జొన్న, మాల్దండి అంటరు. వానలు ఎనకపట్టినంక విత్తుతరు. మల్ల నీళ్లు పెట్టరు. రేగడి తన కడుపుల దాసుకున్న తడితోనే, పొద్దటి మంచుతోనే పండుతది. మన వానకాలం జొన్న కంకి మీద ఉండంగనే వాన తాకి నల్లబడ్తది. ఆడి గింజ వాన మొఖం చూడదు గనక ముత్యం లెక్క తెల్లగ ఉంటది. ఆ పిండి చేతులకు తీసుకుంటే తెలుస్తది. నేను దోసిట్ల పట్టుకొని వాసన చూస్తుంటే ఆ కొట్టాయన నన్ను ఎగాదిగా చూసిండు.

విజయపురల ఖానావళి అని బోర్డు ఉన్న కాడికి పో. ఇంటి భోజనం అన్నట్టు. రొట్టె, నూనె వంకాయ, పల్లీల పొడి, పెరుగు, పక్కన పచ్చి మెంతికూర, ఉల్లిగడ్డ, దోసకాయ. వంకాయను వాళ్లు ఎణ్ణెగాయి అంటరు. ఆడ రొట్టె రెండు తీర్లు. ఒకటి మెత్తది, అప్పటికప్పుడు చేసేది. ఇంకోటి కటక్ రొట్టి, అప్పడం లెక్క ఫెళ్లుమంటది, వారాల తరబడి పాడు కాదు. కొండాపూర్ తమ్ముడు డబ్బాల పెట్టుకపొమ్మన్నడు గద, పెట్టుకపోవాల్సింది ఆ రొట్టె.

నా కత అయింది గాడ్నే. వంటింట్ల కెళ్లి టప్ టప్ మని సప్పుడు వినొస్తుంటే నా చెయ్యి ఆగలే. లోపలికి పోయిన. నా ఈడు ఆడమనిషి, ఒక్కతే కూసొని రొట్టెలు చేస్తున్నది. నేనూ రొట్టెలే చేస్త అని చేతుల్తోని చూపిచ్చిన. వాళ్లు "రొట్టి బడియోదు" అంటరు, మనం రొట్టె కొట్టుడు అంటం. ఏడికి పోయినా దానికి దెబ్బలు తప్పయి. నవ్వి ఒక ముద్ద నా చేతిల పెట్టింది. జొన్నకు గోధుమకున్న సాగుడు ఉండదు. కాగే నీళ్లు పోసి కలిపి, అరచెయ్యి మడిమతోని ఎంత రుద్దితే అంత వింటది. అది నాకు తెల్వంది కాదు. రుద్దిన, తట్టిన, తిప్పుకుంట పలుచగ చేసుకుంట పోయిన. ఆమె రొట్టె అంత పలుచగ రావాల్నని నా పట్టుదల. నడుమకు వచ్చేసరికి చీలింది. 14 ఏండ్లల్ల ఎన్ని వేల రొట్టెలు కొట్టిన్నో నాకే తెల్వదు, ఆడ పదిమంది ముంగట చీలింది. ఆమె నా చెయ్యి పట్టుకొని "హగూర, హగూర" అన్నది. మెల్లగ అని. నేను మందం రొట్టెకు అలవాటు పడ్డ చెయ్యి, గట్టిగ కొడ్తున్న. ఆమె చెయ్యి రొట్టెను తాకినట్టే ఉండదు, రొట్టె దానంతట అదే తిరుగుతున్నట్టు ఉంటది. మూడోది మంచిగ వచ్చింది. పైసలు తీసుకోలే.

గోల్ గుంబజ్ గూడ చూసినం. అంత పెద్ద గుమ్మటం కింద ఒక్క స్తంభం లేదు. పైన లోపలి గోడ చుట్టు నడిచే వరండా ఉంటది. మా ఆయన అటు దిక్కుకు పోయి గోడకు నోరు పెట్టి "రెండు రొట్టెలు పార్సిల్" అన్నడు. నాకు చెవుల చెప్పినట్టే వినొచ్చింది. పొద్దుగాల తెరవంగనే పో. స్కూలు పిల్లలు వచ్చినంక ఒర్రుడు తప్ప ఏం వినరాదు.

ఆడికెళ్లి బాదామికి రైలు పట్టుకో, బస్సు వద్దు. ఆలమట్టి అని పేపర్ల చదివే ఉంటవు, నీళ్ల కొట్లాటల. ఆ స్టేషన్ గూడ వస్తది, కృష్ణ దాటుతవు. బాదామి కాడ రాళ్లన్ని ఎర్రగ, ఇటుక రంగు. గుహల గుళ్లు అందరు చెప్తరు, నేను చెప్ప. నేను చెప్పేది ఆడికి ఐదు కిలోమీటర్లల్ల బనశంకరి గుడి సంగతి. గుడి ముంగట పెద్ద కోనేరు, చుట్టు రాతి మండపం. ఆడోళ్లు నెత్తి మీద గంపలు పెట్టుకొని వస్తరు. గంపల రొట్టెలు, మొలకల కూర, ఎర్ర కారం, చిన్న మట్టి ముంతల పెరుగు. మండపంల కూసుంటే వాళ్లే వచ్చి ముంగట కూసొని వడ్డిస్తరు. మీ నాయనను ఆడ కూసోబెట్టు. ఆయన బస్సు దిగుతడా లేదా అప్పుడు చూద్దువు.

బీదర్ అల్లుడు:
అక్క చెప్పిన దారి నూటికి నూరు పాళ్లు సరైనది. కానీ కలబురగికి ఒక్క పూట అంటే ఒప్పుకోను. లాడ్జి వాడి మీద కోపం ఊరి మీద చూపిస్తే ఎలా అక్కా? కోటలో జామా మసీదు 1367 నాటిది. మామూలుగా మసీదుకు మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద ఆవరణ ఉంటుంది. దీనికి లేదు, మొత్తం కప్పే. లోపల కమానుల వరసల మధ్య నిలబడితే ఎటు చూసినా అదే కమాను. ఊళ్లో ఖ్వాజా బందేనవాజ్ దర్గా ఉంది, శరణబసవేశ్వరుడి గుడి ఉంది. ఒక రోజు పూర్తిగా ఇవ్వండి.

మా అత్తగారిది బీదర్. ఆవిడ కన్నడలో లెక్కపెడుతుంది, ఉర్దూలో బేరమాడుతుంది, నా మీద కోపం వస్తే మాత్రం తెలుగు. అక్కడ చాలా ఇళ్లలో ఇంతే. 1956 నవంబర్ 1 వరకు బీదర్, గుల్బర్గా, రాయచూర్ హైదరాబాద్ స్టేట్‌లోవే కదా. ఆఫీసు పనికీ ఆసుపత్రికీ హైదరాబాదే వచ్చేవాళ్లు. అందుకే మీ నాన్నగారికి అక్కడ పరాయి ఊరు అనిపించదు.

బీదర్‌లో కోట సరే, మహమూద్ గవాన్ మదరసా వదలకండి. బహమనీ సుల్తానుల దగ్గర మంత్రిగా ఉన్న గవాన్ దాన్ని 1472లో కట్టించాడు. 1696లో మందుగుండు పేలి ముందు భాగం సగం కూలిపోయింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది, దాని మీద నీలం, పచ్చ, తెలుపు పలకలు ఇంకా అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. అంత చదువరి మంత్రిని ఒక దొంగ ఉత్తరం నమ్మి సుల్తాను చంపించాడు, 1481లో. కట్టడం సగం, మనిషి కథ సగం అన్నట్టు ఉంటుంది నాకెప్పుడూ.

బిద్రీ పనివాళ్ల వీధికి కూడా తీసుకెళ్లండి. లైన్‌మన్‌గా చేసిన మనిషి కదా, లోహం పని ఆయనకు నచ్చుతుంది. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపి పోత పోస్తారు. మీద చెక్కి వెండి తీగ కొట్టి కూరుస్తారు. అప్పటికి అంతా బూడిద రంగే, వెండి ఎక్కడుందో సరిగా తెలియదు. ఆఖరున కోటలోంచి తెచ్చిన మట్టిని నవసాగరం అనే లవణంతో మరిగించి అందులో ముంచుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం నల్లబడదు. ఆ క్షణం చూడాలి. అన్ని మట్టీ పనికిరాదు, ఎండా వానా తగలని చోటిది కావాలి. నేను చూసిన ముసలాయన మట్టి చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, "ఇది కాదు" అని పక్కన పెట్టాడు.

ఇంకో సంగతి. మీ తేదీల్లో ఎళ్ల అమావాస్య పడుతుందేమో చూసుకోండి. మార్గశిర అమావాస్య, సంక్రాంతికి ముందొస్తుంది. ఆ రోజు బీదర్, కలబురగి, విజయపుర పల్లెల్లో ఇళ్లకు తాళాలు, జనమంతా చేన్లలో. జొన్న చొప్ప కట్టలు నిలబెట్టి చిన్న గుడిసె కట్టి, ఐదు రాళ్లకు సున్నం పూసి పాండవులని పెట్టి పూజ చేస్తారు. తర్వాత సజ్జ రొట్టె, జొన్న అంబలి, బజ్జి. బజ్జి అంటే మిరపకాయ బజ్జి కాదు. పచ్చి శనగ, కంది, చిక్కుడు గింజలు, దొరికిన ఆకుకూరలన్నీ కలిపి వండే కూర. మా మామగారి చేనుకు ఆ రోజు దారిన పోయే వాళ్లనూ పిలుస్తారు. మొదటి ఏడాది నేను మొహమాటపడి సగం తిని లేస్తే మా మామ అదోలా చూశాడు. మరుసటి ఏడాది నుంచి పొద్దున ఏమీ తినకుండా వెళ్తున్నాను.

నిజాంపేట కుర్రాడు:
అక్కా, అన్నా, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నాన్నకు చదివి వినిపించాను. రొట్టె చీలింది అన్న చోట "ఆమె నిజం చెప్పే మనిషిరా" అన్నారు. రెండు సందేహాలు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. గోల్ గుంబజ్ పైకి ఎక్కగలరా? షుగర్ మనిషి కదా, తెల్లారుజామున ప్రయాణాల్లో ఏం తినాలి?

సాయంత్రం రొట్టె:
మెట్లు మూల బురుజుల్లకెళ్లి ఉంటయి, ఏడంతస్తులు, ఇరుకు. మోకాళ్లు నొస్తే ఎక్కియ్యకు. కింద నడుమ నిలబడి పైకి చూస్తే చాలు, మెడ నొయ్యాల్సిందే. నువ్వు ఎక్కి పైనుంచి పిలువు.

పొద్దుగాలకు కటక్ రొట్టి, పల్లీల పొడి, పెరుగు. సంచిల ఎప్పుడు రెండు పెట్టుకో. మందు టైము తప్పనియ్యకు. ఇంకోటి, చేన్ల పొంట పోతుంటే జొన్న పాల మీద ఉంటే ఊస బియ్యం కాలుస్తరు, ఏడన్న పొగ కనబడితే దిగు. కానీ మీ నాయనకు పిడికెడే పెట్టు, లేతగింజ తియ్యగ ఉంటది.

బీదర్ అల్లుడు తమ్మీ, కలబురగి గురించి నువ్వన్నది నిజమే. మల్లోసారి పోత. ఆ లాడ్జికి మాత్రం పోను.

కొండాపూర్ రైడర్:
ఒప్పుకుంటున్నా అక్కా, బైక్ మీద నేనూ పోతా ఈ రూట్. ఖానావళి ఎక్కడెక్కడున్నాయో ఎవరైనా లొకేషన్ పెట్టండి.

సాయంత్రం రొట్టె:
లొకేషన్ ఎందుకు, ఊర్ల దిగి రొట్టె అని అను. ఆ మాట రెండు భాషల్ల ఒకటే.

నిజాంపేట కుర్రాడు:
నిన్న రాత్రే వచ్చాం. నిద్ర సరిపోలేదు, అయినా ముందు ఇది రాస్తున్నా.

బీదర్‌లో నాన్న బిద్రీ దుకాణంలో గంటన్నర కూర్చున్నారు. వెండి తీగ కొట్టే కుర్రాడి చేతిలో సుత్తి ఎలా పట్టాలో ఈయన చెప్పబోయి, వాడు నవ్వితే మళ్లీ మాట్లాడలేదు. నల్లబడటం చూశాక మాత్రం "తీగకు ఏం కాలేదు చూడు" అని నాకు నాలుగుసార్లు చెప్పారు. కలబురగి మసీదు నాకు నచ్చింది, ఆయనకు కంది చేన్లు నచ్చాయి. గోల్ గుంబజ్‌లో కింద నిలబడి పైకి చూస్తూ, అంత ఎత్తున బల్బు మార్చాలంటే నిచ్చెన ఎక్కడ ఆనించాలా అని లెక్కలు వేశారు. నేను పైకెక్కి పిలిచాను, కానీ అప్పటికే రెండు స్కూలు బస్సులు వచ్చేశాయి. అక్క మాట విని పొద్దున్నే వెళ్లాల్సింది. 8 రోజుల్లో షుగర్ ఒక్కసారి కూడా 180 దాటలేదు.

బనశంకరి దగ్గర అయింది అసలు సంగతి. గంప దింపిన పెద్దావిడ రెండు రొట్టెలు పెట్టింది. నాన్న తిని, మూడోది అడిగారు. ఇంట్లో ఆయన మూడో రొట్టె అడగ్గా నేను చూసి నాలుగేళ్లయింది, అమ్మ ఉన్నప్పటి మాట. ఆవిడకు తెలుగు రాదు, ఈయనకు కన్నడ రాదు. పిండి ఏ జొన్నది, ఎక్కడ ఆడిస్తారు, నీళ్లెంత కాగాలి అని ఈయన తెలుగులో అడుగుతున్నారు, ఆవిడ కన్నడలో చెబుతోంది, ఇద్దరూ తలలూపుకుంటున్నారు. నేను ఫోటో తీస్తే విసుక్కున్నారు.

వచ్చేటప్పుడు విజయపురలో దిగి ఐదు కిలోల మాల్దండి పిండి కొన్నారు. బస్సులో పైన పెట్టనివ్వలేదు, రాత్రంతా ఒళ్లోనే పెట్టుకున్నారు. పొద్దున తొడల మీద తెల్లటి మచ్చలు. ఇంటికి రాగానే మా వంటమనిషి చేతికి ఇవ్వనని తేల్చేశారు. మల్కాజిగిరి ఎంత దూరం అని అడుగుతున్నారు. అక్కా, ఈ రోజు బండి పెడుతున్నారా?

సాయంత్రం రొట్టె:
పెడ్తున్న. ఆరింటికి రండ్రి. పిండి పాతబడితే ఎంత రుద్దినా విరుగుతది, అందుకని ఇయ్యాల్నే తీసుకరా. జల్లెడ నా దగ్గర ఉంది. మొదటి రొట్టె చీలితే మీ నాయనను నవ్వొద్దని చెప్పు.